బైపాస్ అయిన పెద్దాయనకు ముందు లేవడం నేర్పండి

నాన్నగారికి 72 ఏళ్లు, బైపాస్ అయి మూడు వారాలు, రోజూ ఎంతసేపు నడిపించాలి అని అడిగారు. నడక లెక్క తేలికే. చదునైన చోట పూటకు 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు విడతలు. అలుపు లేకపోతే రోజు విడిచి రోజు ఒకట్రెండు నిమిషాలు పెంచండి. తిన్నాక గంట ఆగాలి. నడుస్తూ మాట్లాడగలిగితే చాలు, వాచీలో నాడి అంకె నమ్ముకోకండి. మెటోప్రొలాల్ లాంటి, గుండె వేగం తగ్గించే మాత్ర వేసుకునేవాళ్లకు ఎంత శ్రమపడ్డా నాడి అంతగా పెరగదు. చివరి మూడు నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆపాలి. ఠక్కున ఆగితే రక్తం కాళ్లలో నిలిచి, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

అసలు తేడా వచ్చేది లేచేటప్పుడు. ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముకను స్టీలు తీగలతో బిగిస్తారు. అది గట్టిపడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోగా పెద్దాయన మెత్తటి సోఫాలో కూరుకుపోయి చేతులు వెనక్కి ఊని లేస్తారు, లేదంటే కొడుకు రెక్క పట్టి లాగుతాడు. ఆ లాగుడంతా అతుకు మీదే. ఎత్తయిన గట్టి కుర్చీ వేయండి. అంచుకు జరగాలి, పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి పెట్టాలి, దిండు ఛాతీకి హత్తుకోవాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి, ఊపిరి వదులుతూ తొడల బలంతో లేవాలి. బిగబట్టకూడదు. పూటకు అయిదుసార్లతో మొదలుపెట్టండి. ఈ వయసులో ఆసుపత్రి మంచం ముందుగా తినేసేది తొడ కండనే. మంచం మీంచైతే మోకాళ్లు ముడిచి, పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జారుస్తూ లేవాలి. కూర్చుని ఒక నిమిషం ఆగాకే నిలబడాలి.

"కదలకండి, రెస్టు తీసుకోండి" అనే చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపండి. ఊపిరితిత్తుల కసరత్తుకు ఇచ్చే ఆ మూడు బంతుల స్పైరోమీటరును చాలా ఇళ్లలో ఊదిస్తుంటారు. అది పీల్చాల్సింది! మెలకువగా ఉన్నప్పుడు గంటకు పదిసార్లు, బంతి రెండు మూడు సెకన్లు పైన నిలిచేలా పీల్చాలి.

రొమ్ము ఎముక టక్కుమని చప్పుడైనా, కుట్ల దగ్గర నీరు కారినా, జ్వరం వచ్చినా, రెండు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగినా ఆ రోజే సర్జన్‌కు చూపించండి. ఛాతీ నొప్పి గానీ, కూర్చున్నా తగ్గని ఆయాసం గానీ వస్తే 108కి ఫోన్ చేయండి. రోజూ పొద్దున టిఫినుకు ముందు బరువు చూసి కాగితం మీద రాసిపెట్టండి, రివ్యూకి వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించండి.