ఆట–మాట: రెండో బౌన్స్ ఎవరు చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రాకెట్‌బాల్ గురించే. నాకు చాలా సంతోషం. తెనాలిలో హైస్కూలు రోజుల్లో ఊలు బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడాను. మినియాపొలిస్ వచ్చాక ఆఫీసు జిమ్‌లో ఈ ఆట మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఇక్కడి చలికాలంలో నాలుగు గోడల మధ్య చెమట పట్టించే ఆట ఇది. బంతి నేలను రెండోసారి తాకేలోపే దాన్ని మళ్లీ ముందు గోడకు కొట్టాలి. టోర్నమెంట్లలో ఆట స్థాయిని బట్టి ఉండే డివిజన్లలో ఉమెన్స్ సీతో మొదలై, బీలో చాలాకాలం ఉండి, ఇప్పుడు ఆ పైదైన ఏలో, వయసు డివిజన్ 50 ప్లస్‌లో ఆడుతున్నాను.

ప్రశ్న: అక్కా, నాకు 29 ఏళ్లు. కాలేజీలో షటిల్ టీములో ఉన్నాను. ఇక్కడ జిమ్‌లో ఎనిమిది నెలలుగా రాకెట్‌బాల్ ఆడుతున్నాను. మొదటిసారి టోర్నమెంటుకు పేరిద్దామని చూస్తే ఓపెన్, ఎలైట్, ఏ, బీ, సీ, డీ, నావిస్ అని ఉన్నాయి. ‘సీలో వెయ్, ట్రోఫీ గ్యారంటీ’ అంటున్నారు ఫ్రెండ్స్. దేంట్లో వేయమంటారు?
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ట్రోఫీ సంగతి పక్కన పెట్టు తమ్ముడూ. ముందు నిన్ను నువ్వు రెండు విషయాల్లో చూసుకో. వెనక గోడకు తగిలి ముందుకొచ్చే బంతిని తడబడకుండా కొట్టగలుగుతున్నావా? అవతలివాళ్లు బంతిని సీలింగ్‌కు కొట్టి నీ బ్యాక్‌హ్యాండ్ మూలలో దించితే, మళ్లీ సీలింగ్‌కే కొట్టి వాళ్లను వెనక్కి పంపగలుగుతున్నావా? మొదటిది ఇంకా కుదరకపోతే డీ. మొదటిది వచ్చి, రెండోది అప్పుడప్పుడు మాత్రమే వస్తుంటే సీ. రెండూ వస్తే బీలో వెయ్, భయపడకు. బంతిని చీలమండ ఎత్తులో కొట్టి ముందు గోడ అడుగున చంపగలిగేవాళ్లు, రెండు మూలలకూ సర్వ్ చేయగలిగేవాళ్లు ఏలో ఉంటారు. ఎలైట్, ఓపెన్ ఆ పైవి. ఇది రూలు పుస్తకంలోది కాదు, ఇన్నేళ్లు చూసి నేను పెట్టుకున్న కొలత.

షటిల్ ఆడిన నీకు మణికట్టు ఉంది, కాళ్లు చురుగ్గా కదులుతాయి. అవి ఇక్కడ బాగా పనికొస్తాయి. కానీ షటిల్‌ను పైనుంచి అందుకోవడం అలవాటైన చెయ్యి బంతి కిందికి దిగేదాకా ఆగదు. నాకూ అది వదలడానికి రెండేళ్లు పట్టింది. ఛాతీ ఎత్తులో గట్టిగా కొట్టిన బంతి ముందు గోడకు తగిలి, నేల మీద ఒక్కసారి పడి, వెనక గోడ దాకా వెళ్లి తిరిగొస్తుంది. అంటే అవతలివాళ్ల చేతిలో పెట్టినట్టే. బంతిని మోకాలి కిందికి దిగనివ్వు. ఆ ఆగడం నీకు వచ్చిందా లేదా అన్నదే నువ్వు సీనా, బీనా అని తేలుస్తుంది.

ఇప్పుడు నీ ఫ్రెండ్స్ మాట. బీ ఆట ఆడేవాళ్లు సీలో పేరిచ్చి ట్రోఫీ పట్టుకెళ్లడం నేను చాలాసార్లు చూశాను. దీన్ని ఇక్కడ శాండ్‌బ్యాగింగ్ అంటారు. మన భాషలో తొండి అంటే సరిపోతుంది. మొదటిసారి ధైర్యం చేసి సీలో పేరిచ్చినవాళ్లు శుక్రవారం రాత్రి 15-2, 15-1తో ఓడిపోయి మళ్లీ కనిపించరు. అలా ఈ ఆటకు దూరమైనవాళ్లు నాకు తెలుసు. అందుకే ఈ విషయంలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. సీలో ఒకసారి గెలిచావా, తర్వాతి టోర్నమెంటు బీలోనే.

ఎటూ తేలకపోతే టోర్నమెంట్ డైరెక్టరుకు ఫోన్ చేయి. ఆ ఏరియాలో ఎవరు ఎలా ఆడతారో వాళ్లకు తెలుసు. ఎంట్రీలు తక్కువైతే సీ, డీ కలిపేస్తారు, నలుగురే ఉంటే అందరూ అందరితో ఆడతారు. ఆశ కొద్దీ సింగిల్స్, డబుల్స్, ఏజ్ గ్రూపు మూడూ వేసుకోకు. శనివారం మధ్యాహ్నానికి నాలుగు మ్యాచ్‌లవుతాయి, పిక్కలు పట్టేస్తాయి.

ప్రశ్న: మేడమ్, టైబ్రేకర్‌లో (11 పాయింట్ల చివరి గేమ్‌లో) 9-9. నేను ముందు మూలలో మెల్లగా పెట్టిన బంతిని ప్రత్యర్థి పరుగెత్తుకొచ్చి తీశాడు. అప్పటికే బంతి రెండోసారి నేలను తాకింది, నా కళ్లతో చూశాను. అడిగితే ‘తీశాను’ అన్నాడు. రిఫరీ లేడు. గొడవెందుకని పాయింటు వదిలేశాను, మ్యాచ్ పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఏం చేసి ఉండాల్సింది?
— ఒక పాఠకుడు, కొలంబస్, ఒహాయో

జవాబు: రీప్లే అడగాల్సింది. రిఫరీ లేని ఆటలో రెండో బౌన్స్ అయినా, ముందు గోడకంటే ముందే నేలకు తగిలిన స్కిప్ అయినా, చెప్పాల్సింది కొట్టినవాళ్లే. అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ఆ ర్యాలీ మళ్లీ ఆడాలి. ‘మీ మాట కాదనను, కానీ నాకు రెండోది కనిపించింది, మళ్లీ ఆడదాం’ అంటే చాలు. అందులో గొడవేమీ లేదు. అలాంటి అనుమానమే ఇంకో రెండుసార్లు వస్తే ఆట ఆపి డెస్క్ దగ్గరకు వెళ్లి రిఫరీని అడగండి. రిఫరీ ఉన్నా నమ్మకం కుదరకపోతే ఇద్దరు లైన్ జడ్జిలను కోరవచ్చు. ర్యాలీ అయ్యాక అప్పీలు చేస్తే, ఆ ఇద్దరూ కాదన్నప్పుడు రిఫరీ నిర్ణయం మారిపోతుంది.

ఆయన కావాలని అబద్ధమాడాడని మాత్రం తొందరపడి అనుకోకండి. వంగి పరుగెడుతూ రాకెట్ చాపినవాడికి, బంతి రాకెట్‌కూ నేలకూ మధ్య నలిగిన క్షణంలో ఏది ముందో తెలియకపోవచ్చు. పక్కనుంచి చూసేవాళ్లకు అది తేలిగ్గా తెలుస్తుంది. రెండో బౌన్స్ తర్వాత తగిలిన బంతి రాకెట్ మీద నుంచి చెంచాతో ఎత్తినట్టు పైకి లేస్తుంది. శబ్దం కూడా ఒకటి కాదు, టకటకమని రెండు వినిపిస్తాయి.

కానీ ఒక్కోసారి తెలుస్తుంది. నాకు తెలిసింది.

2009 ఫిబ్రవరిలో ఉమెన్స్ బీ మ్యాచ్. టైబ్రేకర్ 10-8, సర్వ్ నాది. ఇంకొక్క పాయింటు వస్తే గెలిచినట్టే. ఆమె కుడి మూలలో వేసిన బంతికి దూకాను. రాకెట్ అంచు నేలను గీరిన చప్పుడు, దానికంటే ముందు బంతి చప్పుడు, రెండూ విన్నాను. నా బంతి ముందు గోడ ఎక్కి మెల్లగా దిగింది. ఆమె కదల్లేదు. నా వైపు ఒకసారి చూసింది. నేను ఏదో ఒకటి అంటానని ఆగింది. నేను లేచి మోకాలు దులుపుకున్నాను. ఆమె ఐ గార్డు తీసి టీషర్టు అంచుతో తుడుచుకుని, వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది. 11-8.

మా దగ్గర ఓడినవాళ్లు తర్వాతి మ్యాచ్‌కు రిఫరీగా కూర్చోవాలి. ఆమె స్కోరు కార్డు, పెన్సిలు తీసుకుని అదే కోర్టు అద్దం వెనక కూర్చుంది. నేను స్నానం చేసి, బట్టలు మార్చుకుని, బ్యాగు సర్దుకున్నాను. కారు దాకా వెళ్లాను కూడా. తిరిగి వచ్చి ఆమె పక్కన నిలబడి, ‘అది రెండోసారి తాకింది’ అన్నాను. ఆమె కార్డు మీద నుంచి తల ఎత్తకుండా, ‘తెలుసు’ అంది. తర్వాత అవతలివాళ్ల స్కోరు పైకి చదివింది.

డైరెక్టరు దగ్గరకు వెళ్లి చెప్పాను. మ్యాచ్ రాసేశాం, ఇక మార్చలేం అన్నారు. మర్నాడు సెమీఫైనల్‌లో ఓడిపోయాను. ఓడినందుకు ఆ రోజు బాధ అనిపించలేదు. అప్పటినుంచి అనుమానం ఉంటే చాలు, బంతి ఇంకా గాల్లో ఉండగానే ‘టూ’ అని అరుస్తాను. కొన్నిసార్లు అవతలివాళ్లే ‘లేదు, నువ్వు తీశావు’ అంటారు. అప్పుడు మళ్లీ ఆడతాం. మీకు ఆ రాత్రి నిద్ర పట్టలేదన్నారు కదా. ఆయనకు పట్టిందో లేదో మనకు తెలియదు.

ప్రశ్న: నాకు చూపుకు ఎలాగూ అద్దాలున్నాయి. ఐ గార్డు కూడా పెట్టుకోవాలా అక్కా?
— ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పెట్టుకోవాలమ్మా. మామూలు కళ్లజోడు లెక్కలోకి రాదు, పగిలితే ఇంకా ప్రమాదం. రాకెట్ ఆటల భద్రతా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ ఎఫ్3164 (పాతవాటి మీద ఎఫ్803) అని రాసి ఉన్న పాలికార్బొనేట్ అద్దాలే కొనుక్కో, వాటినే నీ పవర్‌తో చేయించుకోవచ్చు. వార్మప్‌లో కూడా తీయకూడదు. పై స్థాయిలో ఈ బంతి గంటకు 150 మైళ్లు దాటుతుంది. మన స్థాయిలో అంత ఉండదు కానీ, కంటికి తగిలితే ప్రమాదమే. రాకెట్‌కున్న తాడు కూడా మణికట్టుకు తప్పనిసరిగా తగిలించుకోవాలి. చెమట చేతిలోంచి జారిన రాకెట్ ఎటు పోతుందో చెప్పలేం.

ప్రశ్న: ప్రత్యర్థి సర్వ్ అతని కాలిని రాసుకున్నట్టుగా వచ్చింది. నాకు బంతి కనిపించలేదు, ‘స్క్రీన్’ అన్నాను. ‘నువ్వు ఎడమ మూలకు జరిగి నిలబడితే ఎలా కనిపిస్తుంది?’ అన్నాడు. చివరికి ఆ పాయింటు మళ్లీ ఆడాం. ఇది సరైనదేనా?
— ఒక పాఠకుడు, సెయింట్ లూయిస్

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది, కానీ మీరు ముగించిన పద్ధతి సరైంది కాదు. సర్వ్ చేసినవాళ్ల ఒంటికి మరీ దగ్గరగా వచ్చి, అందుకునేవాళ్లకు బంతి కనబడకుండా పోతే అది స్క్రీన్. రిఫరీ లేనప్పుడు దాన్ని చెప్పాల్సింది అందుకునేవాళ్లే. వెంటనే చెప్పాలి. బంతి వెనక రాకెట్ ఊపి, తప్పిపోయాక ‘స్క్రీన్’ అంటే చెల్లదు. ఒప్పుకున్నాక అది ఫాల్ట్. అంటే మొదటి సర్వ్ పోయినట్టు, రెండో సర్వ్ చేయాలి. మళ్లీ మొదటి నుంచి కాదు.

అయితే అందుకునేవాళ్లు కోర్టు మధ్యకు దగ్గరగా నిలబడి ఉండాలని కూడా రూలు ఉంది. బ్యాక్‌హ్యాండ్ కాపాడుకోవడానికి మూలకు జరిగి నిలబడే అలవాటు మనలో చాలామందికి ఉంది. కోర్టు వెడల్పు 20 అడుగులే. మధ్య నుంచి ఒక పెద్ద అంగ, ఒక చాపు వేస్తే మూల అందుతుంది. నువ్వు మధ్యలో నిలబడు. అప్పుడు నీ ‘స్క్రీన్’కు ఎవరూ అడ్డు చెప్పలేరు.

ప్రశ్న: లండన్‌లో మేం ఆడే రాకెట్‌బాల్‌లో బంతి సీలింగ్‌కు తగిలితే ఔట్. మీరేమో సీలింగ్ బాల్ గురించి రాస్తుంటారు!
— ఒక పాఠకురాలు, హ్యారో

జవాబు: మీది వేరే ఆటండీ. స్క్వాష్ కోర్టులో ఆడతారు, 2016లో దాని పేరు స్క్వాష్ 57 అని మార్చారు. బంతి 57 మిల్లీమీటర్లు కాబట్టి ఆ పేరు. మాది 1950లో కనెటికట్‌లోని గ్రీనిచ్‌లో జో సోబెక్ అనే ఆయన, హ్యాండ్‌బాల్ కోర్టుల్లో చిన్న రాకెట్లతో మొదలుపెట్టిన ఆట. కోర్టు పొడవు 40 అడుగులు, వెడల్పు, ఎత్తు 20. నాలుగు గోడలూ, సీలింగూ అన్నీ ఆటలో భాగమే.

ప్రశ్న: అమ్మా, నాకు 63. వారాంతాల్లో కుర్రాళ్లతో ఆడతాను. మొన్న ఒకబ్బాయి నా వెనక నుంచి కొట్టిన బంతి నా తొడకు తగిలింది. గుండ్రంగా వడియం సైజులో కమిలింది, మధ్యలో తెల్లగా ఉంది. ‘మీరు అడ్డొచ్చారు, పాయింటు నాది’ అన్నాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: ముందు ఐసు పెట్టండి సార్. ఆ గుండ్రటి ముద్ర నాకూ చాలాసార్లు పడింది, పది రోజుల్లో పోతుంది.

మామూలుగా అయితే అది రీప్లే హిండర్ (హిండర్ అంటే అడ్డు). ర్యాలీ మళ్లీ ఆడాలి. ఆ బంతికి ముందు గోడ దాకా వెళ్లే వేగమో దిశో లేదని స్పష్టంగా ఉంటే, కొట్టినవాడే ర్యాలీ పోగొట్టుకుంటాడు. మీకు తప్పుకునే వీలుండి కూడా, అతను నేరుగానో క్రాస్‌గానో కొట్టే దారిలోనే నిలబడిపోతే మాత్రం పెనాల్టీ హిండర్ అవుతుంది, ర్యాలీ అతనిదే. మీరు కావాలని నిలబడ్డారా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. మంచి షాట్ కొట్టాక దాన్ని చూస్తూ అక్కడే ఉండిపోవడం అందరికీ ఉన్న అలవాటే. కొట్టగానే రెండడుగులు పక్కకు జరిగి, అవతలివాళ్లకు దారి ఇవ్వండి.

ఆ అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి, నా పేరు చెప్పి అయినా సరే. ఎదుటి మనిషికి తగులుతుందని అనిపిస్తే కొట్టకుండా ఆగిపోవచ్చు. ఆగితే పాయింటు పోదు, ర్యాలీ మళ్లీ ఆడతారు. అందుకే రూలులో సేఫ్టీ హోల్డప్ అని పెట్టారు. మీ వీపు కనిపిస్తుండగా రాకెట్ ఊపేవాళ్లతో ఎంత బాగా ఆడినా ఆడకండి.

టోర్నమెంట్లలో 60 ప్లస్, 65 ప్లస్ అని అయిదేళ్లకో డివిజన్ ఉంటుంది. 45 దాటినవాళ్ల కోసం నేషనల్ మాస్టర్స్ రాకెట్‌బాల్ అసోసియేషన్ పోటీలు పెడుతుంది. వయసు గ్రూపులో అందరూ అందరితో ఆడతారు, రిఫరీలు ఉండరు, ఎవరి బౌన్సులు వాళ్లే చెప్పుకుంటారు. ఒకసారి వెళ్లి చూడండి. డెబ్భై దాటిన ఒకాయన గెలిచే పాయింటు మీద తన స్కిప్ తనే చెప్పి, బంతిని అవతలి ఆయన వైపు దొర్లించడం నేను అలాంటి కోర్టులోనే చూశాను.