ఎండ కాసే వేళే కారు నింపుకో

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

జీడితోటలో ఇంటికి కరెంటు లైను లేదు, అక్కడే సోలార్ పెట్టి కారు చార్జింగ్ చేసుకుంటానని రాశావు. చెయ్యొచ్చు. కానీ నువ్వు వేసిన లెక్కలో ఒక్కచోట తప్పుంది. ఆ లెక్క పట్టుకునే సామాను కొనబోతున్నావు కాబట్టి ముందు అది చెప్తాను.

రోజుకి 40 కిలోమీటర్లు తిరుగుతానన్నావు. నువ్వు తీసుకునేలాంటి చిన్న కారు మన రోడ్ల మీద కిలోమీటరుకి 110 నుంచి 120 వాట్ అవర్లు తింటుంది. చార్జర్‌లో పోయేది కలిపితే ప్లగ్గు దగ్గర రోజుకి 5 యూనిట్ల పైచిలుకు, వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన వైపు ఏడాది సగటున రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తాయి. అందుకని కిలోవాటున్నర ప్యానెళ్లు చాలన్నావు. యూనిట్ల లెక్క బాగానే ఉంది. అయితే కారుకి ప్లగ్గు పెట్టాక అది యూనిట్లు అడగదు, కిలోవాట్లు అడుగుతుంది. కారుతో వచ్చే 15 ఆంప్స్ కేబుల్ మొదలెట్టిన దగ్గర్నుంచి ఆపేదాకా 2.3 నుంచి 3 కిలోవాట్లు లాగుతూనే ఉంటుంది. చెరువులో నీళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క, తూము ఎంత వదులుతుందన్నది వేరే లెక్క. కిలోవాటున్నర ప్యానెళ్లు మిట్టమధ్యాహ్నం కూడా 1.2 కిలోవాట్లు దాటి ఇవ్వవు. మిగతాదంతా ఇంటి బ్యాటరీ లోంచి పోతుంది. పగలు బ్యాటరీ నింపి, దాన్ని మళ్లీ కారులోకి దింపితే మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఐదో వంతు దారిలోనే పోతుంది, బ్యాటరీ ఆయుష్షు కూడా దాంతోపాటే పోతుంది. కారులోనే 20 యూనిట్ల బ్యాటరీ ఉన్నప్పుడు దాన్ని నింపడానికి ఇంట్లో ఇంకోటి పెద్దది కొనడం దండగ.

కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకో. ప్లగ్గు లాగినంత ప్యానెళ్లే ఇవ్వాలి. కారు పగలే నింపాలి. ఇంటి బ్యాటరీ మబ్బు పట్టినప్పుడు ఆదుకోవడానికి, రాత్రి లైట్లు ఫ్యాన్లకీ మాత్రమే.

ఇంకో మాట. అదే ఇల్లు ఊళ్లో ఉండి, లైను సరిగ్గా ఉంటే నేను ఆఫ్‌గ్రిడ్, అంటే లైనుతో సంబంధం లేని సోలార్, వద్దనేవాణ్ణి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ గ్రిడ్‌కి కలిపిన పైకప్పు సోలార్‌కే ఇస్తారు, 3 కిలోవాట్లు, ఆపైన ఐతే 78,000 రూపాయలు. తోటలో నువ్వు పెట్టేదానికి అది రాదు. ఆ లెక్కతోనే దిగు.

ప్యానెళ్లు 540 వాట్లవి 9 తీసుకో. మొత్తం 4,860 వాట్లు. కాగితం మీద అంత కనిపించినా, మన ఎండకి ప్యానెల్ కాలిపోతూ ఉంటుంది కనక మధ్యాహ్నం చేతికొచ్చేది మూడున్నర నుంచి నాలుగు కిలోవాట్ల మధ్య. కారుకి 3, ఇంటికి అర. సరిగ్గా సరిపోతుంది. తొమ్మిదీ ఒకే వరసలో, సిరీస్‌లో కలపాలి. ఇక్కడే చాలామంది ఇన్వర్టర్ కాల్చుకుంటున్నారు. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే దానికి ఏమీ కలపనప్పుడు ఉండే వోల్టేజ్, 49న్నర దాకా ఉంటుంది. తొమ్మిదింటికి 445. వోల్టేజ్ చలికి పెరుగుతుంది, డిగ్రీ తగ్గితే సుమారు 0.27 శాతం. ఆ 49న్నర ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. చలికాలం కొండ మీద తెల్లవారి 10 డిగ్రీలు ఉన్నప్పుడు ఎండ తగిలిందంటే 463కి పోతుంది. నీకు దొరికే 5 కిలోవాట్ల ఇన్వర్టర్లలో చాలావాటికి గరిష్ఠం 500 వోల్టులు. కనక 9 క్షేమం. షాపువాడు “ఎలాగూ తీసుకుంటున్నారు, పదోది కూడా వేసేద్దాం” అంటాడు. పది ఐతే అదే తెల్లవారి 515. ఆ దెబ్బకి పోయిన ఇన్వర్టర్‌కి వారంటీ కూడా ఇవ్వరు. వద్దని గట్టిగా చెప్పు.

ఇన్వర్టర్ విషయంలో నాలుగు చూడు. ప్యూర్ సైన్ వేవ్, అంటే ఊళ్లో లైను లాంటి కరెంటు ఇచ్చేది, అయ్యుండాలి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌కి కారు చార్జర్ కలపనే వద్దు. పేరు ముందు 5 కేవీఏ అని ఉంటే సరిపోదు, వెనక రేకు మీద 5 కిలోవాట్లు అని ఉందో లేదో చదువు. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఐతే నీ చేతికి 4 మాత్రమే వస్తుంది. ఎంపీపీటీ (ప్యానెళ్ల కరెంటు తీసుకునే భాగం) ఇన్‌పుట్ కరెంటు 14 ఆంప్స్ పైన ఉండాలి. నాలుగోది ఎవరూ చూడరు: పనేమీ లేకపోయినా ఇన్వర్టర్ తనకోసం 50, 60 వాట్లు తింటుంది. 24 గంటలకి అది యూనిట్ పైమాటే, అంటే కారుకి పది కిలోమీటర్లు. కొన్ని మోడళ్లలో రెండో అవుట్‌పుట్ ఉంటుంది, బ్యాటరీ వోల్టేజ్ పడితే ఇల్లు ఆపకుండా ఆ రెండోదాన్నే ముందు కట్ చేస్తుంది. దొరికితే అదే కొను, కారు లైను దాని మీద వెయ్యి.

బ్యాటరీకి 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ ఒకటి, సుమారు 5 యూనిట్లది. ట్యూబులర్ లెడ్ యాసిడ్‌వి 150 ఆంపియర్ అవర్లవి నాలుగు ఐతే చవకే కదా అని అడుగుతావు. మబ్బు అడ్డం వచ్చిందనుకో, ప్యానెళ్ల నుంచి వచ్చేది మూడున్నర కిలోవాట్ల నుంచి ఆరేడు వందల వాట్లకి పడిపోతుంది. కారు మాత్రం 3 కిలోవాట్లు అడుగుతూనే ఉంటుంది. ఆ క్షణంలో బ్యాటరీ మీద 50, 60 ఆంప్స్ పడతాయి. లిథియం అది మొయ్యగలదు. ట్యూబులర్ వోల్టేజ్ ఒక్కసారి కుంగిపోతుంది, ఇన్వర్టర్ అలారం కొట్టి ఆపేస్తుంది, మబ్బు పోయాక మళ్లీ మొదలెడుతుంది, మళ్లీ ఆగుతుంది. శ్రావణంలో రోజంతా ఇదే తంతు. సెట్టింగ్స్‌లో చార్జింగ్ వోల్టేజ్ 56, నిండాక నిలబెట్టే ఫ్లోట్ 54, వాడకం ఆపేసే కట్ఆఫ్ 48 పెట్టు. బ్యాటరీ కంపెనీ పుస్తకంలో వేరే అంకె ఉంటే ఆ అంకెదే మాట. ఇన్వర్టర్‌కీ బ్యాటరీకీ మధ్య 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, రెండు మీటర్లు మించకుండా, పాజిటివ్‌లో 150 ఆంప్స్ డీసీ ఫ్యూజు. కేబుల్ కొసన వేసే లగ్గుల్ని సుత్తితో కొట్టి బిగించనివ్వకు. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి, నొక్కాక కేబుల్ పట్టుకుని గట్టిగా లాగినా కదలకూడదు.

ఇప్పుడు ఎర్త్ సంగతి. ఈ ఉత్తరంలో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకు.

అంతా బిగించి కారుకి ప్లగ్గు పెడితే కేబుల్ మధ్యనున్న డబ్బా మీద ఎర్ర లైటు వెలగొచ్చు. కారు పాడైందనుకుంటారు, కేబుల్ మార్చమంటారు. అసలు సంగతి ఏంటంటే, ఊళ్లో కరెంటుకి న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిపి ఉంచుతారు. ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో రెండు తీగలూ దేనికీ కలవకుండా తేలుతుంటాయి. మల్టీమీటర్ పెట్టి చూడు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 చూపిస్తుంది, కానీ ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 110 లాంటిదేదో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా 110 లాంటిదే చూపిస్తుంది. అలా కనిపిస్తే జబ్బు ఇదే. డబ్బా ముందు ఎర్త్ ఉందా లేదా అని వెతుక్కుంటుంది, దొరక్కపోతే కరెంటు వదలదు. అది నీ మంచికే.

దీనికి మందు, ఇన్వర్టర్ అవుట్‌పుట్ చేరే మొదటి డిస్ట్రిబ్యూషన్ బాక్సులో న్యూట్రల్‌ని ఎర్త్ బార్‌కి ఒక్కచోట, ఒక్కచోటే, కలపడం. దాని తర్వాతే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే ఆపేసే స్విచ్, రావాలి, ముందు కాదు. ఆర్‌సీసీబీ ‘ఏ’ టైపు అడుగు. మామూలుగా ఇచ్చే ‘ఏసీ’ టైపు కారు చార్జర్ లాంటి వాటి లీకేజీని సరిగ్గా పట్టుకోలేదు. కలిపాక మళ్లీ మీటర్ పెడితే ఫేజ్–ఎర్త్ 230, న్యూట్రల్–ఎర్త్ సున్నాకి దగ్గరగా రావాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు ఇంత పని ఎందుకని సాకెట్ లోపలే న్యూట్రల్ పిన్నునీ ఎర్త్ పిన్నునీ చిన్న తీగతో కలిపేస్తారు. ఎర్ర లైటు పోతుంది, కారు చార్జవుతుంది. కానీ ఏదో ఒకరోజు వెనక న్యూట్రల్ వదులైతే కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు ఎక్కుతాయి. డోరు పట్టుకున్న పిల్లవాడి ప్రాణం తీస్తుంది. ఆ పని చేస్తానన్నవాణ్ణి పనిలోంచి పంపించెయ్యి. రేపు లైను వచ్చి ఇన్వర్టర్ ఇన్‌పుట్‌కి కలిపితే మనం న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపిన తీగ అలాగే ఉండకూడదు, ఇన్వర్టర్ సొంతంగా నడిచేటప్పుడు మాత్రమే కలిసేలా రిలే పెట్టించాలి. ఈ మొత్తం పని లైసెన్సున్న మనిషి చేత చేయించు, మీటర్ అంకెలు మాత్రం నీ కళ్లతో చూడు.

ఎర్త్ రాడ్డు 3 మీటర్లది, రాగి పూతది. కొండ రాతినేలల్లో ఒక్కటి దిగితే చాలదు. ఎర్త్ టెస్టర్‌తో చూసి 5 ఓమ్‌లు దాటితే మూడు మీటర్ల అవతల ఇంకోటి దింపి రెండూ కలుపు. నడివేసవిలో మరోసారి చూడాలి, నేల ఎండితే అంకె పెరుగుతుంది. గుంతలో బిందెడు నీళ్లు పోసి మళ్లీ కొలువు.

సాకెట్ దగ్గర పిసినారితనం చెయ్యకు. గీజర్ పావుగంట నడిచి ఆగుతుంది, కారు 13 ఆంప్స్‌ని గంటల తరబడి లాగుతుంది. సాకెట్ లోపలి ఇత్తడి పత్తీలు ఒకసారి వేడెక్కితే పట్టు వదులవుతాయి, వదులైతే ఇంకా వేడెక్కుతాయి, చివరికి ప్లాస్టిక్ కరిగి పిన్ను అంటుకుపోతుంది. కారు కేబుల్‌కి సరిపోయే 16 ఆంప్స్ సాకెట్లలో ఉన్నవాటిలో మంచిది తీసుకుని, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి విడిగా 20 ఆంప్స్ ఎంసీబీ పెట్టు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాటే వద్దు. మొదటివారం రోజూ చార్జింగ్ మొదలైన గంటకి ప్లగ్గు వెనక వేలు పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు ఆనించి ఉంచలేకపోతే ఆపేసి స్క్రూలు విప్పి చూడాలి, తీగ కొసన రంగు మారి ఉంటుంది.

వీలైతే కరెంటు మార్చుకునే చార్జర్ డబ్బా తీసుకో, 6, 8, 10, 13 ఆంప్స్ అని ఉంటుంది. మబ్బుగా ఉన్నరోజు 6 మీద పెడితే 1.4 కిలోవాట్లతో సరిపెట్టుకుంటుంది. అలాగని ఎండ బాగున్న రోజు కూడా 6 మీదే ఉంచకు. చార్జింగ్ నడిచినంతసేపూ కారు కంప్యూటర్లూ పంపులూ తమ వంతు తింటూనే ఉంటాయి, తక్కువ కరెంటుతో ఎక్కువసేపు పెడితే ఆ నష్టం పెరుగుతుంది. కారు లైనుకి 25 ఆంప్స్ టైమర్ స్విచ్ పెట్టి పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా మాత్రమే నడిచేలా చెయ్యి. మర్చిపోయి రాత్రి ప్లగ్గులో వదిలేస్తే ఇంటి బ్యాటరీ మొత్తం కారు తాగేస్తుంది, ఫ్యాన్లు ఆగుతాయి. తోటిల్లు ఎత్తు మీద ఉంది కాబట్టి 90 శాతం దగ్గర ఆపు. నూరు శాతం నింపి ఘాటీ దిగితే బ్రేకు వేసినప్పుడు తిరిగొచ్చే కరెంటుకి చోటుండదు, బ్రేకు భారమంతా ప్యాడ్ల మీదే పడుతుంది.

పైన ఫ్రేము హాట్ డిప్ గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) ఇనుముదే. ఒక్కో ప్యానెల్ 27, 28 కిలోలు, కింద నుంచి గాలి దూరితే తెరచాపే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాని ఏం చేసిందో వేరే చెప్పనక్కర్లేదు. ప్యానెల్‌కి నాలుగు చోట్ల క్లాంపులు, స్లాబులోకి కెమికల్ యాంకర్లు. రేకుల కప్పు మీద వద్దు. దక్షిణం వైపు 15 నుంచి 18 డిగ్రీల వాలు చాలు. జీడికొమ్మ నీడ ఒక్క ప్యానెల్ మూల మీద పడినా దిగుబడి పడిపోతుంది, కాబట్టి ముందు కొమ్మలు కొట్టించు. ప్యానెళ్ల తీగలకి వేసే స్విచ్ డీసీకి తయారైనదే కావాలి. మామూలు ఎంసీబీ డీసీ ఆపేటప్పుడు లేచే మంటని (ఆర్క్) ఆర్పలేదు. ప్యానెళ్ల తీగలు కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండూ ఒకే కంపెనీవి వాడు, ఎండ ఉండగా కరెంటు నడుస్తున్నప్పుడు వాటిని లాగనే లాగకు.

ఇన్వర్టర్ గదికి గాలి ఆడాలి, రేకుల షెడ్డులో పెడితే వేసవి మధ్యాహ్నం వేడికి ఇచ్చే పవర్ తనంతట తనే తగ్గించేసుకుంటుంది. గాలి రంధ్రాలకి సన్నజాలీ కట్టు. బల్లి దూరి బోర్డు మీద చచ్చిందంటే బోర్డు మార్చాల్సిందే.

మొదటిరోజు ముందు బ్యాటరీ ఆన్ చెయ్యి, తర్వాత ప్యానెళ్లు. ఆపేటప్పుడు ప్యానెళ్లు ముందు. ప్యానెళ్ల తీగలు కలిపేముందు వోల్టేజూ, ప్లస్ మైనస్సూ మీటర్‌తో చూసుకో. వెంటనే కారు పెట్టకు, హీటరూ ఇస్త్రీపెట్టే కలిపి 3 కిలోవాట్లు గంటసేపు నడిపి చూడు. ప్రతి స్విచ్ మీదా తెలుగులోనూ ఒడియాలోనూ పేరు రాసి అంటించు. నువ్వు లేనప్పుడు చూడ్డానికి వచ్చినవాడికి ఏ భాషొచ్చినా ఏది ముందు ఆపాలో తెలియాలి.

కొటేషన్ రాగానే పంపు. అందులో ఆర్‌సీసీబీ టైపు, ఇన్వర్టర్ గరిష్ఠ డీసీ వోల్టేజ్ రాసి ఉన్నాయో లేదో నేను చూశాకే అడ్వాన్సు ఇవ్వు.

మీ మావయ్య