ఆరు నెలల కిందటి వరకు ఆయన ఇలా లేరు కదా!

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. బీకాం చదివి మూడేళ్ళుగా ఒక రైస్‌మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే ఉన్న పెద్ద గుమాస్తా సారు మొదట్లో ఓపికగా నాకు పని నేర్పారు. ఆరు నెలల నుంచి మారిపోయారు. హమాలీల ముందు, లారీ డ్రైవర్ల ముందు కసురుతున్నారు. ధాన్యం రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. సేటు గారి అబ్బాయి కంప్యూటర్ పెట్టించి, లెక్కలన్నీ అందులో ఎక్కించమని నాకు చెప్పాడు. ఆ పని ముందుకు సాగడం లేదు. సారు అహంకారి, కుళ్ళుబోతు. ఆ చిరాకంతా ఇంటికొచ్చి పాప మీద చూపిస్తున్నాను. మా ఆయన ఉద్యోగం మానేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, పాప మీద అరిచినందుకు మీరు కారణం చెప్పారు, ఆఫీసులో పడిన మాటలని. సారు అరిచినందుకు మాత్రం కారణం వెతకలేదు, ఆయన బుద్ధే అంత అన్నారు. నేనూ ఇలాగే చేస్తాను. బస్సు కండక్టరు విసుక్కుంటే పొగరు, నేను విసుక్కుంటే ఎండ!

1967లో జోన్స్, హారిస్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు క్యూబా నాయకుడు కాస్ట్రో మీద రాసిన వ్యాసాలను కొందరు విద్యార్థుల చేత చదివించారు. ఏ పక్షం రాయాలో రాసిన మనిషికి పైవాళ్ళే చెప్పారని తెలిసి కూడా, మెచ్చుకుంటూ రాసినవాడికి లోపల కాస్ట్రో మీద కొంత అభిమానం ఉండే ఉంటుందని ఆ విద్యార్థులు అనుకున్నారు. పరిస్థితిని పక్కన పెట్టి స్వభావాన్ని పట్టుకునే ఈ అలవాటు మౌలికమైన పొరపాటని 1977లో లీ రాస్ అనే మరో మనస్తత్వవేత్త అన్నారు.

మీ సంగతికి వద్దాం. కుళ్ళుబోతుతనమే అయితే మొదటి రెండున్నరేళ్ళు ఎక్కడ దాక్కుంది? ఆయనే కదా మీకు పని నేర్పింది! మీరు మాటవరసకు రాసిన కంప్యూటర్ దగ్గరే నా కళ్ళు ఆగాయి. అది ఎప్పుడు వచ్చిందో మీరు రాయలేదు. ఆరు నెలల కిందటే అయితే ఒకసారి ఆయన కుర్చీలో కూర్చుని చూడండి. గింజ కొరికి తేమ పదిహేడు శాతం దాటిందో లేదో చెప్పే తరం అది. సర్కారు ఆడించమని ఇచ్చిన ధాన్యం క్వింటాలుకు ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు, పచ్చి బియ్యమైతే 67 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. యాసంగి ధాన్యం పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. ఏ లాటు ఎంత తేలిందో, ఎక్కడ తరుగు పోయిందో, ఆ లెక్క ఇన్నేళ్ళూ ఆయన తలలో, ఆ రిజిస్టరులో ఉంది. మీరు అడిగేది రిజిస్టరే. ఆయనకు మాత్రం 'ఇక మీతో పనిలేదు' అన్నట్టు వినిపిస్తూ ఉండవచ్చు.

ఇది నా ఊహే. నిజమో కాదో మీరే చూడాలి. పది రోజులు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి: కసిరినప్పుడు మీరేం అడిగారు, పక్కన ఎవరున్నారు, ఆ రోజు సేటు గారి అబ్బాయి వచ్చి వెళ్ళాడా. కాటా దగ్గరి కుర్రాడి మీద కూడా అలాగే అరుస్తుంటే నా ఊహ తప్పు. అప్పుడు ఇంట్లో కష్టమో, ఒంట్లో జబ్బో అయి ఉండవచ్చు.

నన్నడిగితే అసలు పొరపాటు సేటు గారి అబ్బాయిది. పెద్దాయనను పక్కన పెట్టి ఆయన దగ్గర పని నేర్చుకున్న మీకు ఆ పని అప్పగించాడు. అతని దగ్గరికి వెళ్ళండి, సారు మీద ఫిర్యాదుగా కాదు, పని ఆగిందని చెప్పడానికి. ఇద్దరినీ కూర్చోబెట్టి, 'అమ్మాయి ఎక్కిస్తుంది, సారు సరిచూసి సంతకం పెట్టాకే అది లెక్క' అని అతని నోటితోనే చెప్పించండి. బీరువా తాళం తీయడానికి ఆయనకు ఒక మర్యాదైన దారి కావాలి కదా.

అలాగని పదిమందిలో మాటలు పడమని చెప్పడం లేదు. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, టీ వేళకు, "సారూ, నా పనిలో తప్పుంటే లోపలికి పిలిచి చెప్పండి, దిద్దుకుంటాను. హమాలీల ముందు వద్దు" అనండి. అక్కడితో ఆపేయండి. పాత లెక్కలు తవ్వకండి. మీ ఉత్తరంలో ఆ జాడ లేదు కానీ, ఆడపిల్లవని అసభ్యంగా మాట్లాడితే మాత్రం దారి వేరు. ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి రాయవచ్చు.

ఉద్యోగం మానే మాట ధాన్యం సీజను అయ్యేదాకా ఎత్తకండి. మీ ఆయన రోజూ చూస్తున్నది అలసి, చిరాకుతో ఇల్లు చేరిన మిమ్మల్ని, మిల్లును కాదు. ఆ పది రోజుల పుస్తకం ఆయనకూ చూపించండి.

పాపకు మాత్రం సారు తెలియదు, రిజిస్టరు తెలియదు. ఆమె లెక్కలో అమ్మ కోపిష్టి, అంతే. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగి, ఆ తరువాతే ఆమె హోంవర్కు ముట్టుకోండి. ఇప్పటికే అరిచిన రోజులకు, అది తన తప్పు కాదని ఆమెకు ఈ రాత్రే చెప్పండి.