రాజుగారి మెడలో వేరుశనగకాయలు

చిరంజీవి సాహితికి,

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా ఆడే కథల ఆట (రోల్ ప్లేయింగ్ గేమ్) కోసం నువ్వు రాసి పంపిన నలభై పేజీలూ చదివాను. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల మీద బంగారు నగరం, దాని కింద సొరంగాలు, సొరంగాల్లో లేచి తిరిగే మమ్మీలు, చివరి గదిలో అర్ధచంద్రాకారపు బంగారు కత్తి, ఆ కత్తి పట్టినవాడికి డైస్ లెక్కలో ప్లస్ త్రీ. మ్యాప్ బాగా గీశావు. భాషకు వంక పెట్టను. కానీ ఆ కత్తి తీసేసి జపాన్ కత్తి పెట్టినా నీ కథలో ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు. నా గొడవంతా అక్కడే.

"బాబాయ్, మొహమాటపడకుండా చెప్పండి" అన్నావు, అందుకే చెబుతున్నాను. నేను మొదటిసారి ఆట నడిపే గేమ్ మాస్టర్‌గా కూర్చున్నప్పుడు చేసిందీ ఇదే. మ్యూజియం ఫొటోలో చూసిన కూజా ఒకటి తెచ్చి సమాధిలో పెట్టాను. ఆడుతున్నవాళ్లలో ఒకడు, "ఇందులో ఏం పోసేవాళ్లు? ఎవరికి పోసేవాళ్లు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "దానికి శాపం ఉంది, ముట్టుకోకు" అని డైస్ వేయించి తప్పించుకున్నాను. వాడు ఇంకేం అడగలేదు. ఆ రాత్రి మాత్రం నాకు చాలా సిగ్గేసింది. అప్పటినుంచి వస్తువు ఎలా ఉందో చూసేముందు అది ఏం పని చేసిందో వెతుకుతున్నాను.

ముందు నీ మమ్మీల సంగతి. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆండీస్‌ను ఏలినవాళ్లు ఇంకాలు. ఇంకాల రాజు చనిపోతే అతని ఆస్తి అతనిదే. కొత్త రాజుకు సింహాసనం వస్తుంది, పాత రాజు పొలాలు, భవనాలు రావు. వాటిని ఆ రాజు వంశపువాళ్లు, అంటే పనాకా, ఆయన పేరు మీదే చూసుకుంటారు. పండగలకు ఆ రాజుల దేహాలను రాజధాని కుస్కో నగరం చౌకులోకి తెచ్చి వరుసగా కూర్చోబెట్టేవారు. ముందు అన్నపానాలు పెట్టేవారు. ఏదైనా విషయం అడిగితే ఆయన తరఫున ఒక మనిషి జవాబు చెప్పేవాడు. దేవుడి మాన్యం అనే మాట విని పెరిగిన మనకు ఇది మరీ వింతగా అనిపించదు. స్పెయిన్ వాళ్లు వచ్చాక 1559లో పోలో దె ఒండెగార్డో అనే అధికారి పనిగట్టుకుని వెతికి, దాచిపెట్టిన ఆ దేహాలను స్వాధీనం చేసుకున్నాడు. అవి ఉన్నంతకాలం పాత అధికారం కూడా ఉన్నట్టే అని అతనికి అర్థమైంది.

ఇప్పుడు నీ ఆటలో పెట్టు. ఊరికి కాలువ తవ్వాలి. కాలువ వెళ్లాల్సిన పొలం చనిపోయి ఎనభై ఏళ్లయిన రాజుగారిది. ఆయన తరఫున మాట్లాడేవాడు కుదరదంటున్నాడు. అతను నిజంగా రాజుగారి మాటే చెబుతున్నాడా, తన లాభం చూసుకుంటున్నాడా? కత్తి దూస్తే పని జరగదు. మమ్మీ లేచి వచ్చి ఎవరినీ కరవక్కర్లేదు, కదలకుండా కూర్చుంటే చాలు, నీ ప్లేయర్లకు చెమటలు పడతాయి.

ఇక కిపు, అంటే ఇంకాలు ముడులతో లెక్కలు రాసుకున్న తాడు. నువ్వు దాన్ని "మంత్రాలు దాచిన ముడుల తాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కోపం వచ్చింది, ఎందుకంటే అసలు సంగతి అంతకంటే చాలా బాగుంటుంది. ఒక ప్రధాన తాడు, దానికి వేలాడే దారాలు. ఒక్కో దారం మీద ఒక్కో సంఖ్య. తాడుకు దగ్గరగా ఉన్న ముడులు పెద్ద స్థానాలు, కిందికి వచ్చేకొద్దీ పదులు, ఒకట్లు. వందలకీ పదులకీ మామూలు ముడులు వరుసగా వేస్తారు. ఒకట్ల దగ్గర మాత్రం ఒకే పొడవాటి ముడి. అందులో దారం ఎన్ని చుట్లు తిరిగితే అంత అంకె. ఒక్క చుట్టు చుడితే అది మామూలు ముడే అయిపోతుంది కదా, అందుకని ఒకటికి మాత్రం ఇంగ్లీషు ఎనిమిది ఆకారంలో వేరే ముడి. సున్నాకు ఖాళీ జాగా. అంటే 304 కావాలంటే పైన మూడు ముడులు, మధ్యలో ఖాళీ, కింద నాలుగు చుట్ల ముడి. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమినా సంఖ్య ఎక్కడ అయిపోయిందో తెలుస్తుంది.

లెలాండ్ లాక్ అనే ఆయన 1912లో ఈ లెక్క విప్పి చూపించాడు. కానీ ఆ 304 దేని లెక్క? లామాలా, మనుషులా, మొక్కజొన్న బస్తాలా? రంగు, పురి తిప్పిన దిక్కు, ముడి వేసిన వైపు, వీటన్నిటికీ అర్థం ఉండి ఉండాలి, అది ఇంకా పూర్తిగా అందలేదు. పెరూ రాజధాని లిమా దగ్గర పురుచుకోలో దొరికిన కిపులను పరిశోధకులు గ్యారీ అర్టన్, క్యారీ బ్రెజీన్ కంప్యూటర్‌తో పోల్చి 2005లో ఒక సంగతి బయటపెట్టారు. కొన్ని కిపుల్లోని సంఖ్యల మొత్తాలు ఇంకో కిపులో కనిపిస్తున్నాయి. కింది ఉద్యోగి లెక్క పై ఉద్యోగి లెక్కలోకి ఎక్కిందన్నమాట. ఇంతకంటే మంచి పజిల్ నువ్వు గానీ నేను గానీ కల్పించగలమా? మూడు ఊళ్ల కిపులు, రాజధాని కిపు ఒకటి. మొత్తం కలవడం లేదు. నలభై మంది మనుషులు ఎక్కడో తప్పిపోయారు. ముడి విప్పి మళ్లీ వేసినచోట దారం నలిగి ఉంది. 1583లో లిమాలో జరిగిన చర్చి మహాసభ కిపులను నాశనం చేయమంది. చేతబడి తాళ్లని కొందరు అలాగే భయపడ్డారు మరి. నీ పేజీల్లో నువ్వు వాళ్ల పక్షానే నిలబడ్డావు, తెలియకుండానే.

మరో వస్తువు చెబుతాను, అది చిన్నది. కేరో అనే కప్పు. దాన్ని జంటగానే చేసేవారు. ఒకటి నీకు, రెండోది ఎదుటివాడికి. మొక్కజొన్న కల్లు, అంటే చిచా, పోసుకుని ఇద్దరూ కలిసి తాగాలి. తాగితే ఇద్దరి మధ్యా ఒక బాకీ పుడుతుంది. ఇంకాల రాజు అటాహువాల్పా ఇచ్చిన బంగారు కప్పులోని చిచాను స్పెయిన్ వాడు నేల మీద పారబోశాడనీ, రాజు మనసు అక్కడే విరిగిందనీ అతని తమ్ముడి కొడుకు టీటు కూసీ 1570లో చెప్పి రాయించాడు. నీ నగరంలో ఒంటరి కప్పు ఒకటి దొరికిందనుకో. రెండోది ఎవరి దగ్గరుంది?

అన్నీ కలిపి వండకు. నీ మూడో అధ్యాయంలో అజ్టెక్ పిరమిడ్ వచ్చింది. అది మెక్సికోది. ఆండీస్‌లోనే చావిన్ అనే పాత నాగరికతకీ ఇంకాలకీ మధ్య రెండు వేల ఏళ్లకు దగ్గర దూరం ఉంది. ఏలియన్స్ కట్టారన్న పేజీ చింపెయ్. "అంతరించిన జాతి" అన్న మాట కూడా కొట్టెయ్. ఇంకాల కెచువా భాషను ఈరోజుకీ లక్షల మంది ఇళ్లలో మాట్లాడుతున్నారు. నువ్వు కల్పిస్తున్నది కల్పిత లోకమే కాబట్టి పేర్లు మార్చుకో, కొండలు మార్చుకో. వస్తువు చేసిన పని మాత్రం మార్చకు.

చావిన్ అన్నాను కాబట్టి ఒక చిత్రం. చావిన్ దె హువాంతార్ అనే చోట దొరికిన రైమొండి శిల దాదాపు రెండు మీటర్ల ఎత్తు. చాలాకాలం ఒక రైతు ఇంట్లో బల్లగా పనికొచ్చింది. దాని మీద రెండు చేతుల్లో దండాలు పట్టుకుని నిలబడ్డ ఒక దేవుడు. తల మీద ఆకాశానికి ఎగబాకే కిరీటం. బొమ్మను తలకిందులు చెయ్. కిరీటం పోయి, కోరల మొహాలు ఒకదాని నోట్లోంచి ఒకటి వస్తూ కనిపిస్తాయి. ప్లేయర్లకు ఇలాంటి బొమ్మ గీసి ఇచ్చి ఊరుకో. తిప్పి చూడమని మాత్రం చెప్పకు. మూడో ఆదివారానికి ఎవరో ఒకరు తిప్పుతారు.

చివరిగా నీ సమాధి దోపిడీ. మన ఆటల్లో హీరో చేసే ఈ పనికి పెరూలో ఒక పేరుంది, హువాకేరో. సమాధులు తవ్వి అమ్ముకునేవాడు. 1987లో పెరూలోని సిపాన్ అనే ఊళ్లో ముందు తవ్వింది వాళ్లే. పోలీసులు పట్టుకున్న సరుకు చూసి వాల్టర్ ఆల్వా అనే పురావస్తు శాస్త్రవేత్త పరుగెత్తాడు, అదే దిబ్బలో ముట్టుకోని సమాధి బయటపడింది. అందులోని, ఇంకాలకంటే చాలా ముందటి మోచే జాతి ప్రభువు ఒంటి మీది సామగ్రి, అప్పటికే కుండల మీది బొమ్మల్లో పండితులు చూస్తూ వచ్చిన ఒక పాత్రది. బలి జరిగేచోట పానపాత్ర అందుకునే పాత్ర అది. పురాణంలోని వాడనుకున్న మనిషి ఎముకలతో సహా దొరికాడు. దొంగలు ఆ నగలను విడివిడిగా అమ్మేసి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. కాబట్టి ముందు కుండ మీద బొమ్మ చూపించు, పది ఆటల తర్వాత ఆ మనిషిని చూపించు. సమాధిలోంచి వస్తువు తీసిన ప్రతిసారీ కథలో ఒక ఆధారం చెరిగిపోయేలా రూలు పెట్టు. బంగారం కావాలా, సంగతి కావాలా, వాళ్లే తేల్చుకుంటారు.

ఆ ప్రభువు మెడలోని హారం చూశావా? వేరుశనగకాయలు. కుడివైపు పది బంగారువి, ఎడమవైపు పది వెండివి. తొక్క మీది గీతలు కూడా దించారు. మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు కళ్లంలో కాయలు కొట్టినవాణ్ణి. ఈ పంట దక్షిణ అమెరికాలో పుట్టి సముద్రాలు దాటి మా చేలకు వచ్చిందని అప్పుడు తెలియదు. ఆ ఫొటో చూసి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. రాజు మెడలో పులి గోళ్లు వేయలేదు, తినే కాయ వేశారు. ఎందుకు వేశారో నీ లోకంలో నువ్వే కారణం కనిపెట్టు, ఆ ఒక్క కారణంతో ఒక మతం, ఒక పండగ, రెండు యుద్ధాలు వస్తాయి.

వచ్చే ఆదివారం ఆటకు నేనూ వస్తున్నాను. పురికొస కొని నిజంగానే ఒక కిపు కట్టి తీసుకురా, కంప్యూటర్‌లో బొమ్మ వద్దు. ఎక్కడో ఒకచోట ఒకట్ల ముడిలో ఒక చుట్టు తగ్గించు. ఎక్కడ తగ్గించావో నాకు కూడా చెప్పకు.

ఆశీస్సులతో,
బాబాయ్