ఇంజన్ విప్పే ముందు: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

సర్వీసింగ్ చేయించిన నాలుగో రోజునే నీ కారు ఇంజన్ తిరగకుండా పట్టేసిందనీ, తమ తప్పేమీ లేదని డీలరు చేతులు దులుపుకుంటే నువ్వు ఊరుకోకుండా వాళ్లతో తేల్చుకోవడానికి సిద్ధమయ్యావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. సైకిల్ చైను ఊడితే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన పిల్లవేనా అని గర్వపడ్డాను. ఆ వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే ఇలాంటి తగాదాలోనే, అదీ ఓడిపోవలసిన అవసరం లేని తగాదాలో, నేను ఒకసారి ఓడిపోయాను.

కారు ఇంకా మీ ఇంటి దగ్గరే ఉందట కనుక ముందు ఆ సంగతి. ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయవద్దు. "ఒక్కసారి శబ్దం విని చూస్తాం" అని ఎంత మర్యాదగా అడిగినా ఎవరినీ చేయనివ్వవద్దు. బిల్లు, చేసిన పనులు రాసిచ్చే జాబ్ కార్డు, పాత సర్వీసు కాగితాలు ఒకచోట పెట్టుకో. ఓడోమీటర్, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్, ఇంజన్ అడుగుభాగం, కారు కింద నేల మీద పడిన మరకలు, అన్నింటికీ ఫొటోలు తీయి. ఇవి నీకు తెలియనివి కావు.

నీకు తెలియనిది నా కారు కథ. దానిని మీ ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆయిలూ ఫిల్టరూ మార్పించి వారం తిరగకముందే, ఒక రాత్రి మీ అత్తయ్యతో ఇంటికి వస్తుండగా డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది. "ఏదో వెలుగుతోంది, ఆపండి" అని ఆమె రెండుసార్లు అంది. ఇల్లు ఇంకెంతో దూరం లేదు కదా అని నేను ఆపలేదు. ఆ ఎర్ర దీపం చెప్పేది ఆయిల్ మార్చే వేళయిందని కాదు, ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. ఇంజన్‌లో తిరిగే ఇరుసు క్రాంక్‌షాఫ్టుకూ, దాన్ని మోసే బేరింగులకూ మధ్య నిలిచే సన్నని ఆయిల్ పొర ఆ సరఫరా ఆగితే నిలవదు, లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది. మొదట సన్నగా టకటకమంది, తరువాత సుత్తితో కొట్టినట్టు మోగింది, ఇంటి మలుపు దగ్గర అంతా నిశ్శబ్దమైపోయింది.

మర్నాడు వర్క్‌షాపులో కారును పైకెత్తి ఫిల్టరు విప్పుతుంటే నేను టార్చిలైటు పట్టుకొని పక్కనే నిలబడ్డాను. ఫిల్టరు కూర్చునే చోట ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు రింగులు కనిపించాయి. పాత ఫిల్టరు తీసినప్పుడు దాని రింగు ఇంజన్‌కే అతుక్కుపోయి ఉంటే, చేత్తో తడిమి చూసుకోకుండా దాని మీదే కొత్తది బిగించేశారు. అలా బిగించిన ఫిల్టరు కొంతకాలం బాగానే ఉన్నట్టు నటిస్తుంది; ఒత్తిడి ఎక్కువైన ఏదో ఒక వేళ పై రింగు పక్కకు జారితే ఇంజన్‌లోని ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు పాలవుతుంది.

తప్పు వాళ్లదని అంత స్పష్టంగా చేతికి దొరికాక నేను చేయవలసిందల్లా జరిగింది జరిగినట్టు రాసివ్వడమే. కాని ఆయిల్ మార్చినవాళ్లు ఇచ్చిన ఫారంలో "హెచ్చరిక దీపం వెలిగిన తరువాత వాహనం నడిపారా?" అనే ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగింది. నడిపానంటే నింద నా మీదికి మళ్లుతుందని భయపడి, దీపం అసలు వెలగనే లేదని రాశాను. వాళ్లు కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ తగిలించారు. లోపం తలెత్తిన క్షణాన బండి వేగం, ఇంజన్ వేగం, కూలెంట్ వేడి ఎంతెంత ఉన్నాయో కారులోని కంప్యూటర్ దాచిపెట్టుకోగలదనీ, హెచ్చరిక వెలిగాక ఎంత దూరం నడిచిందో కూడా కొన్ని కార్లలో నమోదవుతుందనీ నాకు అప్పటికి తెలియదు. వాళ్లు నా ముందు పెట్టిన కాగితం మీద నాలుగు కిలోమీటర్లని ఉంది. ఇక ఆ గదిలో రెండు రింగుల ఊసే రాలేదు, నా అబద్ధం గురించే మాట్లాడారు. నిజం రాసి ఉంటే నష్టంలో ఎవరి వాటా ఎంత అన్న బేరమైనా నడిచేది. అబద్ధం రాశాను కనుక, నిజంగా నా కళ్లతో చూసిన రింగులు కూడా నా కల్పనలాగే వినిపించాయి. మీ అత్తయ్య ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

అందుకే అడుగుతున్నాను, కోప్పడకు. దీపం వెలిగిందా? వెలిగాక నడిపావా? నడిపి ఉంటే ఎంత దూరమో, ఎందుకో, డీలరుకు పంపే మొదటి ఉత్తరంలోనే నువ్వే రాయి. వాళ్ల స్కానర్ చెప్పేదాకా ఆగవద్దు. చిన్నప్పటి నుంచీ నీకు నీ తప్పు చివరి వాక్యంలో చెప్పే అలవాటుంది. ఈసారి మొదటి వాక్యంలో చెప్పు.

ఆ ఉత్తరంలోనే ఇంకొక్క షరతు ఉండాలి: ఇంజన్‌ను నువ్వూ, వాళ్లతో సంబంధం లేని ఒక మెకానిక్కూ ఎదురుగా ఉండగానే విప్పాలి. విప్పడానికి ముందే స్కానర్ నివేదికను అచ్చు తీయించు, కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చెరిపేస్తే దానితో పాటు దాచిన వివరాలూ పోతాయి. మిగిలిన ఆయిల్‌ను రెండు శుభ్రమైన సీసాల్లో పట్టి, నువ్వూ డీలరు మనిషీ సంతకాలు చేసి, ఒకటి నువ్వు ఉంచుకో; అందులో ఏ లోహం ఎంత ఉందో పరీక్షశాలలో తెలుస్తుంది. ఫిల్టరు, ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు, దాని వాషరు చిన్నవని వదిలేయవద్దు. తుక్కు డబ్బాలో పడ్డ వాషరును రెండో రోజు ఎవరూ వెతికి ఇవ్వలేరు.

వాళ్లు ఏమంటారో నాకు తెలుసు. రాయి తగిలి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు పగిలిందంటారు. అయితే సొట్ట చూపించమను. అసలే అరిగిన ఇంజన్ అంటారు. ఆయిల్ అందక పాడైతే దెబ్బ సాధారణంగా ఒక్క బేరింగుతో ఆగదు కనుక, అన్నింటినీ వరుసగా పేర్చి ఫొటో తీయించు. కాని ఒక మాట నువ్వూ ఒప్పుకోవాలి. సర్వీసింగ్ తరువాత పాడైనంత మాత్రాన సర్వీసింగ్ వల్లే పాడైనట్టు కాదు. ఇంజన్ వాల్వులను క్రాంక్‌షాఫ్టుతో లయగా నడిపే టైమింగ్ చైను, వాళ్లు చెయ్యి పెట్టనిది, తెగి ఉంటే, నీ మెకానిక్ ఆ మాట చెప్పిన రోజునే ఈ తగాదా మానుకో.

సంతకాల దగ్గర మాత్రం నాకు నిద్ర పట్టదు. "తృప్తికరంగా అందినది" అనే కాగితం మీద కారు చూడకుండా సంతకం పెట్టవద్దు. కొంత తగ్గిస్తామని చెప్పి "పూర్తి, తుది పరిష్కారం" అనే మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఇరికిస్తారు; చదవడానికి ఒక రోజు గడువు అడుగు. ఫోనులో ఒప్పుకున్న ప్రతిదీ అదే రోజు రాతలో పంపమను. డీలరు తేల్చకపోతే కారు తయారుచేసిన కంపెనీకి నేరుగా రాయి, లాయరు సంగతి ఆ తరువాత.

ఆయిల్ మార్చిన కుర్రవాడి మీద మాత్రం అరవవద్దు. బిగించేటప్పుడు ఏం చేశాడో తెలిసినవాడు అతనొక్కడే, భయపెడితే అతనూ నాలాగే రాస్తాడు.

ఇంజన్ విప్పే రోజు ఖాయం కాగానే తెలియజేయి, నేను వస్తాను. మధ్యలో మాట్లాడను, నీ తగాదా నువ్వే నడుపుకో. టార్చిలైటు పట్టుకొని పక్కన నిలబడతాను, అంతే.

ఇట్లు,
మావయ్య