మట్టి పొరల మధ్య లోహం: అమ్మాయికో ఉత్తరం

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. బంకమట్టి మీద పెల్లేడియం లోహం ఎక్కించి, దాన్ని ఉత్ప్రేరకంగా వాడి కప్లింగ్ చర్యలు (రెండు కర్బన అణువులను జతచేసేవి) చేయబోతున్నానని రాశావు, సంతోషం. ఆ మట్టితో చాలా ఏళ్లు వేగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: యీల్డ్ ఎంత వచ్చిందో తర్వాత చూద్దువుగాని, ముందు నీ లోహం ఎక్కడ కూర్చుందో కనుక్కో.

మొదట మట్టి ఆవేశం చూసుకో. మాంట్‌మోరిల్లొనైట్ అనే ఈ బంకమట్టి పొరలో కొన్ని అల్యూమినియం అయాన్ల చోట ఒక ధనావేశం తక్కువున్న మెగ్నీషియం ఉంటుంది. అందుకే పొరకు ఋణావేశం. దాన్ని సరిపెట్టడానికి పొరల మధ్య సోడియమో కాల్షియమో ఉంటుంది. వాటిని తోసుకుని లోపలికి పోగలిగేది ధన అయానే. టెట్రాఅమ్మైన్ పెల్లేడియం లవణం వాడితే హాయిగా వెళ్తుంది. సోడియం టెట్రాక్లోరోపెల్లేడేట్ పోశావనుకో, అందులో పెల్లేడియం ఉన్నది ఋణ అయాన్‌లో. గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, కడిగితే చాలావరకు సింకు పాలే.

హైడ్రోటాల్సైట్ రకం, అదే ఎల్‌డీహెచ్ (లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్), దీనికి సరిగ్గా తిరగబడ్డ మట్టి. పొరకు ధనావేశం, మధ్యలో ఋణ అయాన్లు. అక్కడ ఆ టెట్రాక్లోరోపెల్లేడేటే కావాలి. 2002లో బి.ఎం. చౌదరి బృందం ఓ పట్టాన చర్యకు లొంగని క్లోరోఎరీన్లతో హెక్, సుజుకి అనే కప్లింగ్ చర్యలు చేయించింది ఇలా ఎల్‌డీహెచ్ మీద నిలిపిన నానో పెల్లేడియంతోనే. దీంతో ఉన్న పేచీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్. కార్బొనేట్ ఒకసారి పొరల మధ్య చేరిందంటే దాన్ని కదిలించడం మహా కష్టం. నీళ్లు బాగా మరిగించి, నైట్రజన్ కింద పని చెయ్యి.

డబ్బాలోంచి తీసిన సహజ మట్టిని నేరుగా వాడకు. నీళ్లలో బాగా కలిపి వదిలెయ్. 20 డిగ్రీల దగ్గర సుమారు 8 గంటల్లో 2 మైక్రాన్లకు మించిన రేణువులు పై 10 సెంటీమీటర్ల నీటిని దాటి దిగిపోతాయి. ఆ పైభాగాన్ని మాత్రం తీసుకో. తర్వాత 1 మోలార్ ఉప్పు నీళ్లతో మూడుసార్లు కలిపి, కడగడం మొదలుపెట్టు. రెండు మూడు కడుగుళ్ల దాకా మట్టి బుద్ధిగా అడుక్కి దిగుతుంది. ఉప్పు తగ్గేకొద్దీ మొండికేస్తుంది, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినా పైనీళ్లు మసకగానే ఉంటాయి. కొత్తవాళ్లు ఇక్కడే టెన్షన్ పడి ఏదో చెడిపోయిందనుకుంటారు. చెడలేదు, సోడియం సరిగ్గా ఎక్కి పొరలు విడివడుతున్నాయన్నమాట. ఆ నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లదనం రాకపోయేదాకా కడుగు.

ఎంత లోహం? 100 గ్రాముల మట్టి 80 నుంచి 120 మిల్లీ ఈక్వివలెంట్ల (ఆవేశం లెక్కన కొలత) ధన అయాన్లను మార్చుకుంటుంది. అంటే గ్రాముకు దాదాపు 53 మిల్లీగ్రాముల పెల్లేడియం. అంత ఎక్కించకు, 10 మిల్లీగ్రాములు చాలు. ఎక్కువైతే అయాన్లను లోహంగా మార్చే క్షయకరణం చేసేటప్పుడు ముద్దకట్టి నల్లపొడి అవుతుంది.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాల వివర్తన పరీక్షలో) 7 డిగ్రీల దగ్గర శిఖరం వస్తే పొరకూ పొరకూ దూరం సుమారు 12.6 ఆంగ్‌స్ట్రామ్‌లు. పొర మందమే 9.6 కాబట్టి మిగిలిన సందు 3. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లోనేమో 30 ఆంగ్‌స్ట్రామ్‌ల పెల్లేడియం కణాలు కనిపిస్తాయి. మూడంగుళాల సందులో ముప్పై అంగుళాల బీరువా పట్టదు కదా! అయినా ‘పొరల మధ్య నానోకణాలు’ అని రాసేస్తుంటారు. అవి అంచుల మీదో, బయటి ముఖాల మీదో ఉంటాయి. కె10 (యాసిడ్‌తో శుద్ధి చేసి అమ్మే ఇదే రకం మట్టి) వాడితే ఆ మాటే ఎత్తకు. యాసిడ్ దెబ్బకు దాని పొరలు చాలావరకు చెదిరిపోయి ఉంటాయి. పైగా దానికి సొంత ఆమ్లత్వం ఉంది, కొన్ని చర్యలు లోహం లేకుండానే నడిపిస్తుంది. లోహం ఎక్కించని ఉత్త మట్టితోనూ అదే చర్య చేసి పోల్చుకోవడం (బ్లాంక్) తప్పనిసరి.

ఇక నేను తిన్న దెబ్బ. హెక్ చర్య అయ్యాక ఫ్లాస్క్ చల్లార్చి వడకట్టాను. ఫిల్ట్రేట్‌లో పెల్లేడియం దాదాపు లేదు. లోహం మట్టినే అంటిపెట్టుకుందని గొప్పగా చెప్పుకున్నాను. తర్వాతెప్పుడో చర్య సగంలో ఉండగా, ఆ వేడి మీదే వడకట్టి చూస్తే, మట్టి లేని ఫిల్ట్రేట్‌లోనూ చర్య సాగిపోతోంది. వేడిలో చర్యలో పాల్గొనే ఎరైల్ హేలైడ్ పెల్లేడియాన్ని ద్రావణంలోకి లాగుతుంది, చర్య ముగిసి చల్లబడ్డాక అది మళ్లీ మట్టి మీదకు చేరుతుంది. నేను చల్లారాక చూసి మోసపోయాను. నువ్వు 30, 40 శాతం మార్పు దగ్గరే, గరాటు కూడా వేడి చేసుకుని వడకట్టు. ఆ ఫిల్ట్రేట్‌ని అదే వేడిలో అంతే సేపు ఉంచి చూడు.

అన్నట్టు, ఎక్స్‌ఆర్‌డీ స్కాన్ 10 డిగ్రీల నుంచి మొదలుపెడితే నీక్కావలసిన శిఖరం ముందే తప్పిపోతుంది. 2 లేదా 3 నుంచి తీయమని ఆపరేటర్‌కి చెప్పు. గ్రాఫ్ రాగానే నాకు పంపు.

మీ పెదనాన్న