ఏడాదికి ఆరు కోట్ల డాలర్లు తీసుకునే క్వార్టర్‌బ్యాక్‌ని తిడితే తప్పేంటి?

డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని సహచరులకి విసిరేవాడు, ఆటని నడిపించేవాడు) డాక్ ప్రెస్కాట్ గురించి మీరడిగిన ప్రశ్న సూటిగానే ఉంది. అంత డబ్బు తీసుకుంటున్నాడు, మ్యాచ్ పోతే అతన్ని కాక ఇంకెవర్ని అడగాలి అంటున్నారు. అడగండి, ఆటని విమర్శించడంలో తప్పేమీ లేదు. నా అభ్యంతరం ఎక్కడంటే, పోయిన ఆటలో అతని వాటా ఎంతో బయటివాళ్లకి తెలియదు. తెలిసిన అతను నోరు విప్పకూడదు. ఈ రెండో సంగతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, అందుకే రాస్తున్నా.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కౌబాయ్స్ ప్రాక్టీస్ చేసేది మా ఊళ్లోనే. ఆదివారం నలుగురు తెలుగువాళ్లు కలిసి బిర్యానీ ముందు కూర్చుంటే చాలు, డాక్ ప్రెస్కాట్ పేరు వస్తుంది, వచ్చిందంటే తిట్టుతోనే వస్తుంది. 2024 జనవరి 14న గ్రీన్‌బే ప్యాకర్స్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌కి నేను ఆర్లింగ్టన్ స్టేడియంలో పై అంతస్తులో ఉన్నాను. టీవీలో బంతి ఎటు వెళ్తే కెమెరా అటు వెళ్తుంది, పైనుంచి చూస్తే ఇరవై ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. ఆ రోజు నాకు బాగా గుర్తుండిపోయింది ఏంటంటే, ప్యాకర్స్ చేతిలో బంతి ఉన్నప్పుడు కూడా, వాళ్ల ఆరన్ జోన్స్ మన డిఫెన్స్ మధ్యలోంచి అడ్డూ అదుపూ లేకుండా పరిగెడుతున్నప్పుడు కూడా, మా వరుసలో జనం తిట్టింది ప్రెస్కాట్‌నే. బంతి అవతలివాళ్ల దగ్గర ఉంటే దిగేది డిఫెన్స్ ఆటగాళ్లే, అతను అప్పుడు హెల్మెట్ తీసి సైడ్‌లైన్‌లో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

ప్యాకర్స్ ఆధిక్యం 27-0 దాకా వెళ్లింది, చివరికి కౌబాయ్స్ 48-32తో ఓడిపోయారు. ప్రెస్కాట్ రెండు ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి అవతలివాళ్లు పట్టేయడం) ఇచ్చాడు, ఒకటి నేరుగా టచ్‌డౌన్ (బంతిని మైదానం చివరి పట్టీ, అంటే ఎండ్‌జోన్‌లోకి చేర్చడం) అయిపోయింది, ఇంకొకటి ఎండ్‌జోన్‌కి దగ్గర్లోనే బంతి వాళ్ల చేతిలో పెట్టింది. అవి అతని ఖాతాలోవే, కాదనను. కానీ ప్యాకర్స్ చేసిన ఏడు టచ్‌డౌన్లలో ఆరు వాళ్ల అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే బృందం) చేసినవి, అంటే వాళ్లని ఆపాల్సింది మన డిఫెన్స్. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ టచ్‌డౌన్ పాసులు, 36, వేసింది ప్రెస్కాటే, ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడు) ఓటింగ్‌లో రెండో స్థానం కూడా వచ్చింది. మర్నాడు ఆఫీసులో మాత్రం అందరి నోటా ఒకటే లెక్క: ప్లేఆఫ్స్‌లో 2 గెలుపులు, 5 ఓటములు.

ఆ లెక్కే చూడండి. ఫుట్‌బాల్‌లో లైన్‌మన్ (ముందు వరసలో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాడు) పేరు పక్కన గెలుపోటములు రాయరు, కార్నర్‌బ్యాక్ (అవతలి రిసీవర్లకి అడ్డుపడేవాడు) పేరు పక్కనా రాయరు, ఒక్క క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కనే రాస్తారు. 2022 జనవరిలో బఫెలో 42-36తో కాన్సస్ సిటీ చేతిలో ఓడినప్పుడు, ఓవర్‌టైమ్‌లో బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్‌కి బంతి ముట్టుకునే అవకాశమే రాలేదు. టాస్ పోయింది, అవతలివాళ్లు టచ్‌డౌన్ చేశారు, ఆట అయిపోయింది. తర్వాత ప్లేఆఫ్స్‌కి రూలే మార్చారు, కానీ ఆ ఓటమి ఇప్పటికీ ఆలెన్ పేరు మీదే ఉంది. ఇంటర్‌సెప్షన్ కూడా అంతే, సరిగ్గా రిసీవర్ (విసిరిన బంతి పట్టుకోవాల్సినవాడు) చేతుల్లో పడ్డ బంతి ఎగిరి అవతలివాడికి చిక్కినా రాసేది విసిరినవాడి ఖాతాలోనే. క్రికెట్‌లో ఫీల్డర్ క్యాచ్ వదిలేస్తే స్టేడియం మొత్తానికి కనిపిస్తుంది, బౌలర్‌ని ఎవరూ అనరు. ఇక్కడ రిసీవర్ తప్పు దారిలో పరిగెత్తాడనుకోండి, అది తప్పు దారి అని చూసేవాళ్లకి తెలిసే మార్గమే లేదు.

మా వాడు మిడిల్ స్కూల్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్ ఆడతాడు. ఎడమ చేతికి రిస్ట్‌బ్యాండ్, దాని మీద ప్లాస్టిక్ కవర్ కింద చిన్న చిన్న అక్షరాల్లో ప్లేలు (ముందే అనుకున్న ఎత్తులు), నంబర్లు. కోచ్ నంబర్ అరిస్తే వీడు చూసుకుని హడిల్‌లో, అంటే ఆటగాళ్లు గుమిగూడినప్పుడు, అందరికీ చెప్పాలి. పోయిన సీజన్ ఒక మ్యాచ్‌లో వీడు విసిరిన బంతి నేరుగా అవతలి కార్నర్‌బ్యాక్ చేతిలోకి వెళ్లింది. చుట్టుపక్కల మనవాళ్లు ఒక్కరూ లేరు. స్టాండ్స్‌లోంచి చూస్తే కళ్లు మూసుకుని విసిరినట్టే ఉంది. నా వెనక ఎవరో తండ్రి లేచి నిలబడి, ఆ పిల్లాణ్ణి తీసేయండి అని కోచ్‌కి వినపడేలా అరిచాడు. కార్లో నేనేమీ అడగకముందే మా వాడు, నా త్రోనే నాన్నా, అన్నాడు. ఇంకో మాట లేదు. తర్వాతెప్పుడో ఆ రిసీవర్ కుర్రాడే మా ఇంట్లో పిజ్జా తింటూ చెప్పాడు: డిఫెండర్ వెనక్కి జరిగితే నేను ఆగి వెనక్కి తిరగాలి అంకుల్, మర్చిపోయి ముందుకెళ్లిపోయా. బంతి వాడు ఆగాల్సిన చోటికే వెళ్లింది.

ఇది మా వాడి మంచితనం అని రాయడం లేదు. కోచ్‌లు పిల్లలకి మొదట్నుంచీ ఇదే నేర్పిస్తారు, ప్రొఫెషనల్స్‌లో అయితే ఇది రాయని చట్టం. మైకు ముందు క్వార్టర్‌బ్యాక్ తప్పు నాదే అనాలి, సహచరుడి పేరు ఎత్తకూడదు. ఎత్తితే ఆ వారం లాకర్ రూమ్ చీలిపోతుంది, తర్వాతి మ్యాచ్‌లో అతన్ని కాపాడాల్సింది ఆ లైన్‌మన్లే కదా. 2012 ఫిబ్రవరి సూపర్ బౌల్ ఫైనల్‌లో న్యూయార్క్ జెయింట్స్ చేతిలో పేట్రియట్స్ 21-17తో ఓడారు. చివర్లో వాళ్ల రిసీవర్ వెస్ వెల్కర్ చేతికి తగిలిన బంతి జారిపోయింది. నా మొగుడే బంతి విసిరి నా మొగుడే పట్టుకోలేడు కదా అని పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ అప్పటి భార్య జిసెల్ అన్నందుకు ఎంత గొడవ అయిందో! ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది? అదే మాట బ్రేడీ అనుంటే ఏమయ్యేదో ఊహించుకోండి. కాబట్టి క్వార్టర్‌బ్యాక్ తప్పు నాదే అంటే అది ఒప్పుకోలు కాదు, అతని ఉద్యోగంలో భాగం. మనం దాన్ని సాక్ష్యంగా పట్టుకుని, చూశారా అతనే ఒప్పుకున్నాడు అంటాం.

2022 జనవరిలో ఫార్టీనైనర్స్ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో 14 సెకన్లు ఉండగా, ఆట ఆపించుకునే టైమౌట్లు అయిపోయాక, ప్రెస్కాట్ మధ్యలోంచి పరిగెత్తాడు, మళ్లీ బంతి స్నాప్ చేసేలోపు, అంటే తర్వాతి ప్లే మొదలుపెట్టేలోపు, టైమ్ అయిపోయింది, కౌబాయ్స్ 23-17తో ఓడారు. ఆ ప్లే కోచ్‌లు పంపిందే. అదే మ్యాచ్‌లో కౌబాయ్స్ మీద 14 పెనాల్టీలు పడ్డాయి. ఈ మధ్య ఆ 14 పెనాల్టీల గురించి మాట్లాడినవాళ్లెవరైనా మీకు తగిలారా? నాకైతే తగల్లేదు.

ఇక డబ్బు. 2024 సెప్టెంబర్‌లో నాలుగేళ్లకి 24 కోట్ల డాలర్లు ఒప్పుకున్నారు, ఏడాదికి మన లెక్కలో దాదాపు 500 కోట్ల రూపాయలు. ఇవ్వాలని నిర్ణయించింది జెర్రీ జోన్స్, ఓనరూ ఆయనే, జనరల్ మేనేజరూ ఆయనే. జీతాలకి లీగ్‌లో పరిమితి ఉంది కాబట్టి ఒక్కడికి అంత ఇస్తే మిగతావాళ్లకి తగ్గుతుంది, ఆ లెక్క చూసుకోవాల్సింది సంతకం పెట్టినాయనే. కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో, అప్పటికి ప్రెస్కాట్‌కి రెండేళ్లు. అతనికంటే ముందు క్వార్టర్‌బ్యాక్‌గా టోనీ రోమో ఇదే బరువు మోశాడు. ఇన్నేళ్లలో క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, కోచ్‌లు మారారు, ఆ ఓనర్ కుర్చీ ఒక్కటే మారలేదు.

డబ్బు తీసుకుంటే ఏం పడినా పడాలి అనేవాళ్లతో నాకు అసలు పొసగదు. 2020 ఏప్రిల్‌లో ప్రెస్కాట్ వాళ్ల అన్న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సెప్టెంబర్‌లో తను డిప్రెషన్‌తో ఇబ్బంది పడ్డానని బయటికి చెబితే, జట్టు నాయకుడు అలాంటి బలహీనత బయటపెట్టకూడదని టీవీలో ఒక పెద్ద వ్యాఖ్యాత తప్పుబట్టాడు. అతని మాటలతో ఏకీభవించడం లేదని ఆ చానెలే చెప్పుకోవాల్సి వచ్చింది. ఇంటర్‌సెప్షన్‌కి తిట్టండి, ఆలస్యంగా విసిరినందుకు తిట్టండి, అన్న పోయి ఏడ్చినవాణ్ణి ఎందుకు తిట్టాలి?

మీరు మ్యాచ్‌లు నిజంగా ఇష్టంగా చూస్తారనిపించింది కాబట్టి ఒక మాట. ఈసారి ఇంటర్‌సెప్షన్ పడగానే వెనక కెమెరాలోంచి వేసే రీప్లే వచ్చేదాకా ఆగండి. బంతిని వదిలేసి ముందు లైన్‌లో ఎవరు పక్కకి తోయబడ్డారో చూడండి, తర్వాత రిసీవర్ ఎక్కడ వేగం తగ్గించాడో చూడండి. అప్పటికీ క్వార్టర్‌బ్యాక్‌దే తప్పు అనిపిస్తే మీతో పాటు నేనూ తిడతాను.